తూముకి కట్టిన వల

నవ్వకండి. పాతికేళ్ళ నుంచి నా గుండెల మీద ఉన్న బరువు ఒక సిమెంటు తొట్టి. అందులో పెంచిన చేపలు. వాటి మూలంగా ఒక మనిషి బతుకు చెడింది. చెడగొట్టింది నేను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు అంటుండేవారు. ఈ ఒక్క గింజ మాత్రం ఇన్నేళ్ళు నానింది.

మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంటి వెనక పొలాన్ని చేపల చెరువు చేశారు. బొచ్చెలు, శీలావతులు వేసేవారు. కాపలాకి నూకరాజుని పెట్టారు. తుని అవతల సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడు. పెళ్ళాంతో, కూతురితో గట్టు మీద పాకలో ఉండేవాడు. కాలువ నీళ్ళు చెరువులోకి వచ్చే తూముకి సన్నటి వల కట్టడం అతని పనుల్లో ముఖ్యమైనది. అది వదులైతే బయటి చేపలు లోపలికొచ్చి, పెంచే చేపల మేత తినేస్తాయి.

పెరట్లో ఖాళీగా పడున్న తొట్టిలో తిలాపియా చేపలు పెంచాలని నాకు కోరిక పుట్టింది. నూకరాజుని అడిగాను. వాటిలో రెండు రకాలున్నాయని, నల్లవి మాత్రం వద్దని చెప్పాడు. అవి వేలెడు పొడుగయ్యేసరికే పిల్లల్ని పెట్టేస్తాయట, తొట్టి నిండడమే తప్ప కూరకి ఒక్కటీ ఎదగదట. తోక మీద చారలున్న రకమైతే పెద్దవవుతాయి, వాటిలో మగవి ఏరి తెస్తాను, నెల్లాళ్ళు ఓపిక పట్టమన్నాడు.

నాకు ఓపికా? పైగా కాపలావాడు నాకు చెప్పేదేమిటన్న పొగరు, ఇప్పుడెందుకు దాచాలి. ఆ వారమే కాలువలో వల వేసేవాళ్ళ దగ్గర బతికున్న నల్లవి బిందెడు కొన్నాను.

మూడు నెలలు తిరిగేసరికి తొట్టిలో నీళ్ళకంటే పిల్లలే ఎక్కువ. ఒకరోజు కాఫీకి వచ్చిన నూకరాజు తొంగి చూశాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదని నాకు ఒళ్ళు మండింది.

వాటిని చంపడానికి చేతులు రాలేదు. గట్టున పారబోస్తే కాకులు చేరతాయి, ఊరంతా చూస్తుంది. అందుకని నూకరాజు మేత బస్తాల కోసం వెళ్ళిన పూట చూసి, ఒక బకెట్టు చెరువులో వంపేశాను. అంత చెరువులో ఈ కాసిని పిల్లలు ఏ మూలకి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? నల్లవి ఏం చేస్తాయో అతను నాకు విప్పి చెప్పాడు కదా. తెలిసే వంపాను. ఆ తర్వాత కూడా తొట్టి నిండినప్పుడల్లా, ఏడాది పొడుగునా వంపుతూనే ఉన్నాను.

చెరువులో చేపలు పట్టిన రోజు వల నిండా వేలెడేసి నల్లచేపలు వచ్చాయి. బొచ్చెలు సగం కూడా ఎదగలేదు. కాలువకి నీళ్ళు కట్టేసి చాలా రోజులైంది, తూము వల ఎప్పుడో విప్పేశారు, అది గట్టిగా ఉందో లేదో ఇక చూడ్డానికేమీ లేదు. బావగారు నూకరాజుని అందరి ముందూ నిలబెట్టారు. రోజూ చూసి కట్టానని అతను అంటూనే ఉన్నాడు. అప్పుడు బావగారు నా వైపు తిరిగారు.

"ఏమ్మా, నీ తొట్టిలో ఉన్నవి ఏ రకం?"

నా గొంతు వణకలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేసేది దానికే.

"మావి చారల తోకవండి బావగారూ. నూకరాజే ఏరి తెచ్చిపెట్టాడు."

నూకరాజు నా మొహంలోకి చూశాడు. నిజం చెప్పేస్తాడనుకున్నాను. చెప్పెయ్యమని లోపల్లోపల బతిమాలుకున్నాను కూడా. లేక ఆ ముక్క ఇప్పుడు నాకు నేను కల్పించుకుంటున్నానా?

"అవునండి," అన్నాడు. "చారల తోకవేనండి. వల నేనే సరిగ్గా కట్టలేదేమోనండి."

ఎందుకలా అన్నాడు? ఇంటి ఆడమనిషిని నలుగురిలో నిలబెట్టకూడదనా? చెప్పినా ఎవరూ నమ్మరనా?

ఆ సాయంత్రమే పాక ఖాళీ చేయించారు. వల కట్టడం చేతకానివాడన్న పేరు అతనికంటే ముందే ఊళ్ళు తిరిగింది. చుట్టుపక్కల ఏ చెరువు మీదా పని దొరకలేదు.

కొన్నేళ్ళకి సామర్లకోట స్టేషన్లో బస్తాలు మోస్తూ కనిపించాడు. బాగా వంగిపోయాడు. అతనే వచ్చి పలకరించాడు. కూతురి చదువు మాన్పించేశానని చెప్పాడు, తొట్టి ఇంకా ఉందా అని అడిగాడు. తీసేశామన్నాను. అదీ అబద్ధమే. బండి వస్తే ఎక్కేశాను. కిటికీలోంచి కూడా చూడలేదు.

తర్వాత పోయాడని విన్నాను. బావగారూ లేరు. ఆ కూతురు ఎక్కడుందో వెతికితే దొరుకుతుందేమో. వెతకలేదు. వెతుకుతానని మీకు చెప్పను కూడా, నా సంగతి నాకు తెలుసు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదండి. కానీ ఆ రోజు గట్టు మీద చెప్పాల్సిన మాట ఒకటుంది. వినాల్సినవాళ్ళు లేకపోయినా మీతో అనేస్తున్నాను, ఈ కాస్త ఊపిరైనా తీసుకోనివ్వండి.

నూకరాజు వల గట్టిగానే కట్టాడు.