గీజర్ పాయింట్ చెప్పిన మనిషి

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ముందునుంచీ నమ్మకం లేదు. సినిమా వాళ్ళకి బట్టలు కుడతాను. అమావాస్యనాడు కొత్త గుడ్డ కత్తిరించొద్దని ఎందరు చెప్పినా కత్తిరించాను. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకే మొహమాటం.

ఫిల్మ్ నగర్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో అమ్మా, నేనూ ఉంటాం. అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషన్ ఉండాలి. పోయిన ఎండాకాలం ఆమె మంచం పక్క గోడ చెమ్మెక్కింది. మూడు రోజులకి నీళ్ళు ధారగా కారడం మొదలైంది.

ముగ్గురు ప్లంబర్లు వచ్చారు. ఒకాయన ట్యాంకు కారుతోందన్నాడు. ఇంకొకాయన పై వాటా బాత్రూం అన్నాడు. పై వాటా వాళ్ళు షూటింగ్‌కని తాళం వేసి ఊరెళ్ళారు. మూడో ఆయన గోడంతా పగలగొట్టాలన్నాడు. ఆ దుమ్ములో అమ్మని ఎక్కడ పెట్టను? ఇంటి ఓనరు ఫోన్ ఎత్తలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గోడ ప్లగ్గు ముట్టుకుంటే షాక్ కొట్టింది. వంటింట్లోంచి పొడుగు వైరు లాగి, కుర్చీల మీదుగా తెచ్చి మిషన్‌కి కలిపాను. కింద నీళ్ళు. మెయిన్ ఆపితే అమ్మకి ఊపిరాడదు. ఆపకపోతే ఆ నీళ్ళలో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు.

కనీసం మోటారైనా ఆపుదామని బయటికి పరిగెత్తాను. మోటారు పెట్టె మూత మీద వెలిసిపోయిన పెయింటుతో ‘యాదగిరి, ప్లంబర్’ అని ఒక నంబరు ఉంది. చేశాను. రెండో రింగుకే ఎత్తారు.

ఏడుస్తూనే అంతా చెప్పాను.

“ఏడవకమ్మా. గోడ పగలగొట్టనియ్యకు,” అన్నాడాయన. “మీ అమ్మ ఉన్న గది ఎనుకట బాత్రూం. ఆ గోడల గీజర్ పాయింట్ ఉండె. దానికి బిరడా కొట్టి సిమెంట్ పూసింది నేనే. తుప్పు పట్టింటది. మేడ మీద ట్యాంకు కాడ రెండు వాల్వులుంటయి. పిట్టగోడ దిక్కున్నది బంద్ చెయ్. నేను లైన్ల ఉంటా.”

మేడ ఎక్కాను. వాల్వు బిగుసుకుపోయి ఉంది.

“తిరగట్లేదండీ.”

“జోర్ చెయ్యకు, ఇరుగుతది. ఎడమకు జరంత, మళ్ళ కుడికి. గట్ల నాలుగైదుసార్లు చెయ్.”

ఆరోసారికి తిరిగింది. కిందికి వచ్చేసరికి ధార సన్నబడి, చుక్కలయ్యి, ఆగిపోయింది.

“అమ్మకు ఊపిరి మంచిగ ఆడుతున్నదా?” అని అడిగాడు. ఆడుతోందన్నాను. ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ప్లంబరు వచ్చి ఆ గోడలో చిన్న కన్నం పెట్టి చూశాడు. తుప్పు తినేసిన బిరడా అతని చేతిలోనే పొడి అయింది.

వారం తర్వాత, థాంక్స్ చెబుదామని మళ్ళీ అదే నంబరుకి చేస్తే ఆయన భార్య ఎత్తింది. అడ్రసు అడిగి, పండ్లు తీసుకుని వెంగళరావు నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. యాదగిరిగారు మెడకి తెల్ల గుడ్డ చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“మీతోని ఎవరు మాట్లాడిన్రమ్మా?” అంది ఆవిడ. “ఆయనకు గొంతు ఆపరేషన్ అయి రెండేండ్లాయె. అప్పటిసంది మాట లేదు. ఇంట్ల మేమిద్దరమే ఉంటం. ఫోన్ నా కాడనే ఉంటది.”

నా ఫోన్ తీసి చూపించాను. ఆ నంబరే, పదకొండు నిమిషాలు. వాళ్ళ ఫోన్‌లో ఆ రోజు నా కాల్ లేదు.

జరిగిందంతా ఆయనకి చెప్పాను. గీజర్ పాయింట్ మాట రాగానే గట్టిగా తలూపారు. ఆ పైపులు వేసింది తానేనని సైగ చేశారు. తర్వాత పక్కనున్న నోట్‌బుక్ తీసుకుని ఏదో రాసి నా వైపు తిప్పారు.

‘నా గొంతు ఎట్లుండె?’

“కొంచెం బొంగురుగా ఉందండీ. నిదానంగా మాట్లాడారు,” అన్నాను.

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గట్లనే ఉంటుండె,” అంది.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ మధ్యాహ్నం నాతో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకీ తెలియదు.