చింతపండు రుద్దిన రాణి

నరసాపురంలో మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ సైన్సు మాస్టారు పాత నాణేలు సేకరించేవారు. ఏ నాణేన్నైనా ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకునేవారు. ఎవరు తెచ్చినా, భూతద్దం తీయకముందే "చింతపండు పెట్టి తోమేశారా ఏంటండీ?" అని అడిగేవారు.

మా నాయనమ్మ దాచిన విక్టోరియా రాణి రూపాయిని నేను తళతళలాడించి మరీ పట్టుకెళ్లాను.

"రాణిగారి జుట్టు గీతలన్నీ అరగదీసేశారు కదండీ! ఆ నలుపు ఉంటేనే దానికి విలువండి. ఇప్పుడిది ఉత్త వెండి ముక్క" అని పావుగంట చీవాట్లు పెట్టారు.

అంతలో వాళ్లావిడ కాఫీతో పాటు ఇత్తడి పళ్లెం కూడా తెచ్చారు. "వరలక్ష్మీ పూజకని ఈయన డబ్బాలో నాణేలన్నీ చింతపండుతో తోమానండి. ఎలా మెరుస్తున్నాయో చూడండి!"

మాస్టారు ఒక నాణెం తీసి, మొదటిసారి బొమ్మ మీద బొటనవేలు ఆనించారు. తర్వాత భూతద్దం జేబులో పెట్టేసుకుని, "బాగా తోమావోయ్" అన్నారు.