కుంకుడు రసంతో కడిగిన బంతి

నా చిన్నప్పుడు మా మిషన్ హైస్కూలు మొత్తానికి ఒక్కటే ఫుట్‌బాలు ఉండేది. దానికి ఇప్పనూనె రాసే పని నాది.

పర్ణశాలకు కొంచెం ఎగువన, గోదావరి ఒడ్డున మా ఊరు. మా నాయన ఆ బడి హాస్టల్లో వంట చేసేవాడు. నేను అదే ఆవరణలో ఉన్న చిన్న బడిలో ఐదో తరగతి. మా అన్న హైస్కూల్లో చదువుతూ ఫుట్‌బాలు ఆడేవాడు. మాకు ఆట నేర్పే డ్రిల్లు సారుది తిరుమలాయపాలెం వైపు. పెళ్ళాం పిల్లలు లేరు. ఒక ట్రంకు పెట్టె, ఒక విజిలు, రెండు జతల బట్టలు, అంతే ఆయన సంసారం. పారేసే వస్తువంటూ ఆయన దగ్గర ఏదీ ఉండేది కాదు. నా పొదుపును చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు గాని, అది నాకు ఆయన నుంచి వచ్చిందే.

అప్పటి బంతులు తోలువి. లోపల రబ్బరు బ్లాడరు, పైన మూతి దగ్గర తాడు. ఆ తోలు నీళ్ళు పీల్చిందంటే బండరాయి అవుతుంది. మా పిల్లలకు బూట్లు లేవు, వట్టి కాళ్ళతోనే ఆడాలి. అందుకని సారు గూడేల నుంచి ఇప్పగింజల నూనె తెప్పించి, రోజూ సాయంత్రం బంతికి పట్టించమనేవాడు. కుట్టు కుట్టునా వేలితో రుద్దాలి. అట్లా నూనె తాగిన బంతి మీద వాన పడ్డా తామరాకు మీద పడ్డట్టు జారిపోయేది. ఈ పనికి హాస్టలు పిల్లలు చాలామందే ఉన్నా, ఒక్క బొట్టు కింద పోనివ్వనని సారు నన్నే పెట్టుకున్నాడు. నాకు అదొక పెద్ద ఉద్యోగం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఆదివారం చర్చి అయ్యాక మా మనవడు, వాడి స్నేహితులు ఇద్దరు అశ్వారావుపేటలోని మా ఇంటి వరండాలో కూర్చుని ఒకటే వాదులాట. బడి పిల్లలకు ఫుట్‌బాలు పోటీలు పెడుతున్నారట. ఈ ప్రాంతంలో ఇప్పటిదాకా పుట్టిన కోచ్‌లందరిలో గొప్పవాడెవడో తేల్చి, గెలిచిన జట్టుకిచ్చే కప్పుకు ఆయన పేరు పెడతారట. ఫోన్లో ఓట్లు కూడా అడిగారు. నేను చింతపండు గింజ తీస్తూ వింటున్నాను. ఒకడు ఒక పేరంటాడు, ఇంకొకడు కాదంటాడు, చివరికి అందరూ టౌను సారు దగ్గరికే వచ్చి ఆగుతున్నారు. ఆ టౌను సారు నాకు తెలుసు. ఆయన జట్టు తెచ్చిన కప్పులు పెట్టడానికి వాళ్ళ బడిలో ఒక అద్దాల బీరువా చాలలేదని చెప్పుకునేవాళ్ళు.

అంతలో ఆ స్నేహితుల్లో ఒకడు నవ్వుతూ మా డ్రిల్లు సారు మాట ఎత్తాడు.

"మిషన్ బడిల ఒకాయన ఉండెనంట గద. మ్యాచ్ ముందట బంతికి తలంటు పోసినాయన. ఆయనకు గూడ ఓటేద్దామా?"

ముగ్గురూ నవ్వారు. మా మనవడు కూడా. ఈ చుట్టుపక్కల ఇన్నేళ్ళుగా ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. నా చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

ఆ మ్యాచ్ మా బడి మైదానంలోనే జరిగింది. పట్టణం హైస్కూలుతో చివరి ఆట. గెలుపు ఓటముల కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. జిల్లా జట్టుకు పిల్లలను ఎంచడానికి ఖమ్మం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారు. జిల్లా జట్టులోకి ఎక్కితే హాస్టలు సీటు, పై చదువు, ఆ తర్వాత బొగ్గుగనుల్లో ఆటగాళ్ళ కొలువు. మా ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నా, ప్రార్థనలో మోకాళ్ళూనినా అదే మాట. మా అన్న ఎక్కితే మా నాయన ఆ గంజి గుండిగలు ఎత్తడం మానేయవచ్చు. నేను బడి మానక్కర లేదు.

ముందురోజు మధ్యాహ్నమే టౌను సారు తన పిల్లలతో లారీలో దిగాడు. ఇస్త్రీ ప్యాంటు, చేతికి గడియారం. పిల్లలందరి కాళ్ళకూ బూట్లు. మా సారు మైదానంలో సున్నం గీతలు గీయిస్తూ ఎండలో ఉన్నాడు. టౌను సారు వేడినీళ్ళ కోసం వంటశాల వెనక్కి వచ్చాడు. అక్కడ నేను నూనె గిన్నె, బంతి ముందేసుకుని కూర్చున్నాను. వాన రెండు రోజులుగా తెరిపిచ్చింది గాని, గోదావరి అవతల మబ్బు కట్టే ఉంది. ఆయన ముందు ఆ మబ్బు వైపు చూశాడు. తర్వాత బంతి వైపు చూశాడు. ఆ చూపు వరస నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

నా పక్కన చతికిలబడి, బంతిని చేతిలోకి తీసుకుని, ఎంత శ్రద్ధగా పెట్టుకున్నావని మెచ్చుకున్నాడు. నా పేరు అడిగాడు, ఏ తరగతి అన్నాడు. పట్టణం పెద్దమనిషి నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ తర్వాత మెల్లగా, పెద్ద మ్యాచ్ ముందు మాత్రం నూనె ఉండకూడదన్నాడు. కాలికి తగిలి జారుతుందట. వాళ్ళ బడిలో అయితే ముందురోజు కుంకుడు రసంతో జిడ్డంతా వదలగొట్టి ఎండబెడతారట.

"మీ సారుకు చెప్పకు పాపా. రేపు కొత్తదాని లెక్క మెరుస్తుంటే ఆయనే చూసి సంతోషపడ్తడు" అన్నాడు.

నాకు పదేళ్ళు. తల జిడ్డు పోగొట్టేది కుంకుడుకాయే గదా, బంతి జిడ్డు ఎందుకు పోదు అనుకున్నాను. బ్లాడరు బయటికి తీసి, కాయలు బండ మీద కొట్టి, మా నాయన కాచిన వేడినీళ్ళలో పిసికి, ఒకసారి కాదు, మూడుసార్లు రుద్దాను. మొదటి నీళ్ళు పచ్చగా జిడ్డు తేలాయి. మూడోసారి తెల్లటి నురగ వచ్చింది. గోడ మీద ఎండబెట్టి, సారు పంపాడని చెప్పి సాయంత్రం అన్నతోనే సైకిలు పంపు కొట్టించాను. నిజంగానే కొత్తదానిలా కనబడింది. నేనే తీసుకుపోయి రెఫరీ గదిలో పెట్టి వచ్చాను. సారు కంట పడకుండా దాచింది ఆయన సంతోషం కోసమే.

మర్నాడు ముందు సగం మాదే. అన్న ఒక గోలు కొట్టాడు. విరామంలో ఖమ్మం పెద్దమనుషులు పుస్తకంలో అన్న పేరు రాసుకోవడం మా నాయన కళ్ళారా చూశాడు. రెండో సగం మొదలవుతూనే వాన దిగింది. కాసేపటికి బంతి చప్పుడు మారింది. అంతకుముందు తన్నితే టప్పుమనేది, ఇప్పుడు తడిసిన బియ్యం బస్తా మీద కొట్టినట్టు దబ్బుమంటోంది. మా పిల్లలు తన్నితే పది గజాలు పోవడం లేదు. బూట్ల పిల్లలకు బరువొక లెక్క కాలేదు. వరసగా రెండు గోలులు వేశారు. సమంగా చేయడానికి ఆఖర్న మాకు పెనాల్టీ వచ్చింది. అన్న దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. బంతి దొర్లుకుంటూ పోయి గోలీ చేతుల్లో ఆగింది. అన్న అక్కడే కూలబడ్డాడు. పాదం ఎముక విరిగింది.

భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టారు గాని ఎముక వంకరగానే అతికింది. పుస్తకంలో రాసిన పేరు కొట్టేశారు.

అన్నను మంచం మీద వేసి మోసుకుపోయాక మా సారు ఆ బంతిని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నేరుగా వంటశాల వెనక్కి, నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. వంగి నా చేతులు వాసన చూశాడు.

"ఎవలు చెప్పిన్రు బిడ్డా కడగమని?"

చెప్పాను. ఆయన టౌను లారీ వైపు చూశాడు. పోయి గల్లా పట్టుకుంటాడనుకున్నాను. పోలేదు. పోయి అడిగితే నా పేరు బయటికి వస్తుంది. సొంత అన్న కాలు విరగ్గొట్టిందని ఆ ఊళ్ళో నన్ను బతికినన్నాళ్ళూ అంటారు.

"ఈ మాట మీ నాయనకు గూడ చెప్పకు. నువ్వు ఈడనే బతకాలె. నేను ఎట్లయిన పరాయోణ్ణే" అన్నాడు.

ఆ సాయంత్రం బడి పెద్దలు, మా నాయన, అందరూ హాస్టలు వరండాలో ఆయనను నిలబెట్టి అడిగారు. బంతి కొత్తగా కనబడాలని తానే కడిగానన్నాడు. ఇరవై మంది ముందు, తల దించకుండా అన్నాడు. మా నాయన ఆయన మీద ఉమ్మినంత పని చేశాడు. దసరా సెలవులకు ముందే ఆయనను పంపించేశారు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా ఒక్కడే నడిచిపోయాడు. సాగనంపడానికి ఎవరూ పోలేదు. నేను హాస్టలు గోడ చాటున నిలబడి చూశాను. గోడ దాటి ఇవతలికి రాలేదు.

ఆ పై వచ్చిన ఎండాకాలానికే నా బడి ఆగిపోయింది. అన్న కుంటుతుంటే బీడీల తునికాకు కోతకు అమ్మ వెంట నేను పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పెళ్ళయి ఈ అశ్వారావుపేటకు వచ్చాను. అన్నను కూడా ఇక్కడికే తెచ్చుకున్నాం. పామాయిలు మొక్కలకు నీళ్ళు పెట్టాడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉన్నాడు. వాన పడితే పాదం సలిపేది. సలిపిన ప్రతిసారీ మా సారును తిట్టేవాడు. నేను వేడినీళ్ళు కాచి కాపడం పెడుతూ వినేదాన్ని. చెప్పాలని నోటి దాకా వచ్చేది. ఈ వానకు వద్దులే, ఇంకో వానకు చెబుదామనుకునేదాన్ని. అట్లా ఎన్ని వానలు పోయాయో.

అన్న చివరి రోజుల్లో పాస్టరుగారు వచ్చి, మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే విడిచిపెట్టమన్నాడు. అన్న కళ్ళు మూసుకుని అన్నాడు.

"మా డ్రిల్లు సారును క్షమించిన అయ్యగారూ. దేవుడు గూడ ఆయనను క్షమించాలె."

నేను మంచం పక్కన గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు. ప్రశాంతంగా పోతున్నవాడిని కదపడమెందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. భయపడ్డాను, అంతే.

ఇదంతా మొన్న వరండాలో ఆ ముగ్గురికీ చెప్పాను. చింతపండు పక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా మనవడు తల వంచుకున్నాడు. తలంటు మాట ఎత్తిన వాడి స్నేహితుడే ముందు తేరుకున్నాడు.

"గని నానమ్మా, కడిగింది నువ్వే నాయె. టౌను సారు బంతి మీద చెయ్యి గూడ వెయ్యలే. గట్లాంటి తెలివి ఉంటెనే గద గన్ని కప్పులొచ్చేది."

కోపమొచ్చింది. కడిగింది నేనే. వాడు అన్నదాంట్లో ఆ ఒక్క ముక్కా నిజం.

ఆ రాత్రికి ఓట్లు ముగిశాయి. కప్పుకు టౌను సారు పేరే పెడుతున్నారు. అంతకుముందే మా సారు పేరు ఓట్ల పట్టికలో చేర్చనైనా చేరుద్దామని మా మనవడు అన్నాడట. పోటీ పెట్టేవాళ్ళు ఆయన గెలిచిన కప్పు ఒక్కటైనా చెప్పమన్నారట. వాడి దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. నా దగ్గర మాత్రం ఏముంది? తన తప్పు కానిదాన్ని నెత్తికెత్తుకున్నందుకు కప్పు ఇచ్చే పోటీ ఎక్కడా లేదు.

ఆయన చేసింది నాకు మేలే అని కూడా గట్టిగా అనలేను. ఆ రోజే నాలుగు దెబ్బలు తిని ఉంటే అన్నకు నిజం తెలిసేది. దెబ్బలు నాలుగు రోజుల్లో మానేవి. నోరు మూసుకుని ఉండమన్నది పదేళ్ళ పిల్లతో. ఆ పిల్ల పెరిగి పెద్దదైనా, ముసలిదైనా, ఆ మాట చాటునే దాక్కుంది. అది ఆయన తప్పు కాదు, నాది. నన్ను ఎవరైనా అదేపనిగా మెచ్చుకుంటుంటే మాత్రం ఇప్పటికీ ముందు మబ్బు ఏ వైపున ఉందో చూసుకుంటాను. పిల్లలకు, మనవలకు అదే నేర్పాను. కఠినమైన మనిషినని వాళ్ళు అనుకుంటే అనుకోనీ.

మా పెరట్లో కుంకుడు చెట్టు ఉంది. మేము ఈ ఇంటికి రాకముందు నుంచీ ఉంది. విరివిగా కాస్తుంది. అగ్గిపుల్ల కూడా దండగ చేయనివ్వని నేను ఆ కాయను ఇంట్లోకి రానివ్వను. తలకు కొట్టు సబ్బే వాడతాను. పొదుపు పొదుపు అంటావు, చెట్టు ఉండగా సబ్బెందుకని కోడలు ఎన్నోసార్లు అడిగింది, నేను చెప్పలేదు. రాలిన కాయలు పక్కింటివాళ్ళు ఏరుకుపోతారు. వాళ్ళు వాటిని నానబెట్టిన పొద్దున ఆ వాసన గోడ దాటి వస్తుంది. నేను చేస్తున్న పని ఆపి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటాను.