మొండయ్య పెట్టిన మీట

సౌదీలో హాయిల్ ఊరి చివర పారిశ్రామిక వాడలో, గోధుమ పొలాల పంపుసెట్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. అందులో లేత్ మిషన్ ముందు నిలబడే మనిషి మొండయ్య. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, మీసం నల్లగా ఉన్నప్పుడు ఆ మిషన్ ముందు నిలబడ్డాడు. మీసం తెల్లబడ్డాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. ఈలోగా షెడ్డుకు మేనేజర్లు వచ్చారు, పోయారు. వాళ్ళ పేర్లు అతనికి గుర్తు లేవు. గుర్తుంచుకోవలసిన పని వాళ్ళెవరూ చేయలేదని అతని లెక్క.

మాటలతో బతికేవాళ్ళంటే మొండయ్యకు పరమ చులకన. ఫోను చెవికి ఆనించుకుని తిరిగేవాణ్ణీ, చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకునేవాణ్ణీ చూస్తే పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు. అలాంటి వాళ్ళలో మొదటివాడు సూపర్‌వైజర్ బాషా. రాయచోటి వైపు మనిషి. చేతి తొడుగులు తొడుక్కునే వచ్చేవాడు గానీ, ఆ తొడుగులు ఏడాదైనా తెల్లగానే ఉండేవి. అరబ్బీ మాత్రం నీళ్ళలా వచ్చు. మొండయ్యకు వచ్చిన అరబ్బీ అంతా పనిముట్ల పేర్లూ, అవునూ కాదూ, రేపు రమ్మనడమూ. అంతకు మించి భాష ఎందుకో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు.

పొలాల నుంచి వచ్చే పంపు ఏదీ పూర్తిగా వచ్చేది కాదు. ఒకదానికి సీల ఉండదు, ఇంకోదానికి మర ఉండదు. ముందు విప్పినవాడు ఎవడో పారేసి ఉంటాడు. మొండయ్య దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు తిప్పి చూసి, పోయినదేదో పోల్చుకుని, దాన్ని తయారుచేసి బిగించేవాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే సంబంధం లేని కథలు చెబుతారని అతని నమ్మకం. ఇన్నేళ్ళలో ఆ నమ్మకం వమ్ము కాలేదు.

అప్పటికి నితాఖత్ చట్టం వచ్చి చాలా కాలమైంది. కంపెనీలో ఎందరు సౌదీలు పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి సర్కారు దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసేది. కాగితాలు చూసే నాయిఫ్, షెడ్డు పచ్చగా ఉండాలని మేనత్త కొడుకుల పేర్లన్నీ హాజరు పట్టీలోకి ఎక్కించాడు. వాళ్ళలో ఒకడు ఒకసారి వచ్చి, నేను పనిచేసేది ఇక్కడేనా అని అడిగి, చాయ్ తాగి పోయాడు. మిగతావాళ్ళు ఆ శ్రమ కూడా తీసుకోలేదు. ఆ తర్వాత పరదేశి పనివాడి తలకింతని సర్కారు వేసే లెవీ పెరిగింది. చాయ్ తాగి పోయినవాణ్ణి ఉంచడం తప్పనిసరి, ఆ చాయ్ గిన్నె కడిగే పరదేశిని ఉంచడం భారం అయ్యింది. ఒక దినం నాయిఫ్ వచ్చి, సూపర్‌వైజరూ లేత్ మనిషీ ఇద్దరిలో ఒక్కడే ఉంటాడు, రెండోవాడికి ఎగ్జిట్ కొట్టించి దేశానికి పంపేస్తాను, ఎవరన్నది మా నాన్న చెబుతాడు అని చెప్పి కారెక్కాడు.

నాయిఫ్ నాన్న అబూ నాయిఫే వీళ్ళకు పూచీ ఉండే కఫీల్. షెడ్డు ఆయన పేరు మీదే ఉంది, వీళ్ళను దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డులూ ఆయన పేరు మీదే ఉన్నాయి.

ఆ వారం మొండయ్య భార్య సీతాబాయి ఫోనులో సంగతి విన్నది.

"ఇగ చాల్తియ్యి. వచ్చెయ్యరాదు?"

"వచ్చి ఏం జెయ్యాలె?"

"కూసో."

"కూసొని?"

"అబ్బ! మనుషులు కూసుంటలేరా? మన సర్పంచి కూసుంటలేడా?"

"వాడు పుట్టినకాన్నుంచి కూసున్నడే. వానికి అలవాటు."

మొండయ్య భయం అదే. ఇంటి దగ్గర ఆకలికేమీ లేదు. లేత్ లేదు, అంతే. పొద్దున లేచి, స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాడితో సౌదీ కబుర్లు చెప్పాలి. జీవితమంతా ఏ రకం మనుషులను ఈసడించుకున్నాడో, ముసలితనంలో ఆ రకం మనిషి కావాలి. ఆ మిషన్ ముందు ఇంకొన్నాళ్ళు నిలబడనిస్తే చాలునని అతని కోరిక.

సరిగ్గా ఆ రోజుల్లోనే అబూ నాయిఫ్ షెడ్డుకు వచ్చి, తలగుడ్డలో చుట్టి తెచ్చిన మూటను మొండయ్య బల్ల మీద విప్పాడు. లోపల పాతకాలపు పిస్తోలు. మధ్యలో అయిదు గదుల గుండ్ల చక్రం, ముందు పొడుగాటి గొట్టం, రెండూ తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. అది ఆయన తాతది. మందుగుండు ఎరిగి తరాలు గడిచిన వస్తువు. దాని పర్మిట్టు కాగితానికి చట్రం కట్టి, చుట్టాలు కూర్చునే మజ్లిస్ గది గోడకు తగిలించుకున్నాడు.

"తిరగడం లేదు. సరిచెయ్యి, యా మొండ. శుక్రవారం చుట్టాలు వస్తారు." అంతే చెప్పి, ఆయన కారు వైపు నడిచాడు.

ఆయన వెళ్ళగానే బాషా ఫోను తీశాడు. కాసేపు వేలితో తోసి, ఒక బొమ్మను మొండయ్య ముక్కు కింద పెట్టాడు.

"మొండన్నా, ఇది చూడప్పా. ఈ జాతి పిస్తోళ్ళన్నిటికీ గొట్టం కింద ఒక మీట ఉంటాది. మన ముసలాయన దానికి యాడ పోయిందో పోయింది. పెట్టేస్తివంటే ఆయప్ప మురిసిపోతాడు."

"నీకెవలు చెప్పిన్రు?"

"ఫోనే చెప్తాంది గదన్నా!"

"నీ అసొంటిదే అది గూడ. నోరే, చేతుల్లేవు. అవతల వెట్టు."

అలా కసిరాడే గానీ, బొమ్మను మాత్రం కళ్ళతో కొలిచేసుకున్నాడు. అందులో ఉన్నది నిజంగా మంచి పనితనం. ఇలాంటి పిస్తోలులో గుండు ముందువైపు నుంచి పడుతుంది. గదిలో మందు పోసి, గది కంటే వెంట్రుకవాసి లావుండే సీసపు గుండును పైన పెట్టి, గట్టిగా లోపలికి అదమాలి. మొదట్లో దానికి సీల ఊడగొట్టి, గొట్టం ఊడదీసి, చక్రం బయటకు తీసి, ఒక్కొక్క గదినీ విడిగా నింపుకోవాల్సి వచ్చేది. తర్వాత ఎవడో బుద్ధిమంతుడు గొట్టం కింద కీలు మీద ఆడే మీట ఒకటి పెట్టాడు. మీటను కిందికి లాగితే దాని తలకున్న పొట్టి కడ్డీ గదిలోకి దూరి గుండును అదుముతుంది. వదిలితే వెనక్కు వస్తుంది. చక్రాన్ని ఒక గది తిప్పి మళ్ళీ లాగడమే. ఏదీ విప్పనక్కర్లేదు, ఏదీ జారిపోదు. ఇది చేసినవాడు మాట్లాడి ఉండడు, చేసి ఉంటాడు అనుకున్నాడు మొండయ్య. లోకంలో చాలా కొద్దిమందికి అతను అంత మర్యాద ఇచ్చాడు.

కిరోసిన్‌లో నానబెట్టి తుప్పు వదిలించాడు. చక్రం తిరిగింది. ముసలాయన అడిగింది అక్కడికి అయిపోయింది. కానీ గొట్టం కింది దిమ్మెకు, మీట కీలు ఉండవలసిన చోటనే, చిన్న గుంట కనబడింది. విరిగిన పాత మర బెజ్జం అన్నాడు మొండయ్య తనలో తాను. పోయిన ముక్క ఎక్కడ ఉండేదో చూపించే గుర్తు ప్రతి పంపులోనూ అలాగే ఉంటుంది. అక్కడ డ్రిల్లు పెట్టాడు. పాత బెజ్జంలోకి దిగే ములికికి ఒక దారి దొరుకుతుంది, అది దానంతటదే జారుతుంది. ఇక్కడ దొరకలేదు. కొత్త ఇనుములోకి దిగినట్టు, బిగువుగా, చుట్టలు చుట్టలుగా రజను తీస్తూ దిగింది. చేతికి అది తెలిసింది. అయినా ఆపలేదు.

మీట ఎంత బాగా కుదిరిందంటే, లాగినప్పుడు చప్పుడే లేదు. చుట్టూ చేరిన పనివాళ్ళు ఆహా ఓహో అన్నారు. మొండయ్య వాళ్ళను పొమ్మన్నాడు.

శుక్రవారం మజ్లిస్‌లో ముసలి చుట్టాలు దిండ్లకు ఆనుకుని ఖహ్వా కాఫీ తాగుతున్నారు. మొండయ్యా బాషా గుమ్మం పక్కన కూర్చున్నారు. అబూ నాయిఫ్ మూట విప్పి, చక్రాన్ని వేలితో తిప్పి నవ్వాడు. తర్వాత పిస్తోలును వెల్లకిలా పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేమిటి?"

బాషా తటాలున లేచాడు. "మీట, బాబా. గుండు అదమడానికి. ఇప్పుడు గొట్టం విప్పకుండానే..."

ముసలాయన వినలేదు. చుట్టాలలో ఒకాయన చెయ్యి చాచి పిస్తోలు తీసుకుని చూసి, పక్కాయనకు అందించాడు. ఆ పక్కాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఇంటి పిస్తోలు ఎప్పుడూ ఎవరికీ గుండు తగిలించలేదు. ఆ వంశానికి దాని వల్ల వచ్చిన పేరు వేరు. అబూ నాయిఫ్ తాత మదీనా దారిలో సీల పళ్ళ మధ్య పెట్టుకుని, చక్రం ఒళ్ళో పెట్టుకుని మందు కూరుతుండగా దొంగలు వచ్చి పడ్డారు. పిస్తోలు ముక్కలై ఉంది. ఆయన చేతికందిన గొట్టాన్నే విసిరి, ముందున్నవాడి ముక్కు విరగ్గొట్టాడు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో ఈ కథ చెప్పని సంవత్సరం లేదు.

"ఇక నుంచి ఎలా చెబుతావు?" అన్నాడు ఆ చుట్టం. "మీట ఉండగా మీ తాత గొట్టం ఎందుకు విప్పినట్టు? సరదాకా?"

మజ్లిస్ అంతా నవ్వింది. అబూ నాయిఫ్ నవ్వలేదు.

బాషా ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టకుండా అందుకున్నాడు. "బాబా, ఆ కాలంలో పాతవాటిని కార్ఖానాకు పంపి మీట పెట్టించుకునేవాళ్ళు. మీ తాత కూడా ఆ దెబ్బ తర్వాత పెట్టించుకునే ఉంటాడు. అది విరిగిపోయింది. పాత బెజ్జం ఉండింది, మొండయ్య అందులోనే బిగించాడు." తర్వాత తెలుగులో, పెదవులు కదలకుండా, "అవునని తల ఊపన్నా. ఇప్పటికి ఇద్దరమూ బతుకుతాం," అన్నాడు.

అబూ నాయిఫ్ మొండయ్య వైపు తిరిగాడు. "నిజమేనా? పాత బెజ్జం ఉందా?"

ఉందని తల ఊపితే కథకు మరో తోక దొరికేది, చుట్టం నోరు మూతపడేది, లేత్ ముందు చోటు మిగిలేది. బాషా చెప్పింది అందమైన అబద్ధం, అతుకు కూడా కనబడదు. తన ములికి తీసిన బెజ్జాన్ని వీడి నోటితో పూడ్పించుకోవాలా అనుకున్నాడు మొండయ్య.

"లేదు," అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో. "అది తుప్పు గుంట. బెజ్జం నేను చేసిన. కొత్తది."

"నన్ను అడిగావా?"

"లేదు."

ముసలాయన పిస్తోలు చేతిలోకి తీసుకుని మీట కీలును వేలితో తడిమాడు. "నీ చేతులు మంచివి. కానీ బాషా నన్ను అడగకుండా ఏదీ ముట్టుకోడు," అన్నాడు.

అడిగిన తర్వాత కూడా బాషా ఏదీ ముట్టుకోడన్న సంగతి ఆయనకు తెలియదు. మొండయ్యకు తెలుసు. పైకి లేచి, జేబులోంచి పానా తీసి, అందరి ముందూ మీటను ఊడదీశాడు. బెజ్జం పూడుస్తానన్నాడు, కనబడకుండా. వద్దన్నాడు అబూ నాయిఫ్. మీటను మాత్రం తీసుకుపొమ్మన్నాడు.

తన పేర ఎగ్జిట్ కాగితం వచ్చిన రోజున మొండయ్య లేత్‌ను తుడిచి, నూనె పెట్టి, మీటను వైస్‌లో బిగించి రంపంతో ముక్కలు కోశాడు. బాషా లబలబలాడాడు.

"అయ్యయ్యో, ఏం పని మొండన్నా అది! బంగారమట్లా ఉండె. దాచిపెడితే నేను చూపించుకుంటా ఉంటి గదా!"

"అందుకే కోస్తున్న."

ముక్కలు తుక్కు డబ్బాలో పడ్డాయి. బాషా కాసేపు లేత్ చుట్టూ తిరిగాడు. తొడుగు వేలితో ఒక పిడిని తాకీ తాకకుండా తాకాడు.

"అన్నా, పోయేముందర ఒక తూరి చూపియ్యప్పా. దీన్ని మొదలు పెట్టేది యాడ?"

"అడుగుడు నీకొచ్చు గదరా," అన్నాడు మొండయ్య. "ఎవల్నన్న అడుగు."

సబ్బు పొడి తీసుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.