బెల్లు కొట్టే వంతు

మా ఆఫీసుకి సేవాభావం ఏడాదికోసారి వస్తుంది. దానితోపాటు అందరికీ ఒకే రంగు టీషర్టులు కూడా వస్తాయి. ఆ ఏడు కె.ఆర్.పురం దగ్గర ఒక ఆశ్రమంలో ఉన్న అనాథ పిల్లల్ని ఒక రోజంతా సరదాగా తిప్పాలన్నారు. నాకు తెలుగు వచ్చు కదా అని, తెలుగు మాట్లాడే కోలారు వైపు ఆడపిల్లలు తొమ్మిది మందినీ వాళ్ళ ఆయమ్మనీ నాకు అప్పగించి ఒక మినీబస్సు ఇచ్చారు.

ముందు సైన్సు మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ తల ఊపుతూ గర్జించే డైనోసార్ బొమ్మ ఉంది. పిల్లలంతా నోళ్ళు తెరిచి అబ్బా అన్నారు. నాకు కడుపు నిండిపోయింది. ఫోటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టేశాను కూడా. కాసేపటికి అనుమానం వచ్చింది. వాళ్ళు అబ్బా అన్న తర్వాత కదా డైనోసార్ గర్జించింది!

ఆ జట్టుకి పెద్ద ఒక పదేళ్ళ పిల్ల. రెండు జడలు, ముందుపళ్ళ మధ్య సందు. దాన్ని పక్కకి పిలిచి నిలదీశాను. అది ఏమాత్రం తడుముకోలేదు.

"ఏడుసార్లు చూసిండామక్కా. మేము నోరు తెరవకుంటే పిల్చుకొచ్చినోళ్ళు బేజారైపోతారు."

ఊళ్ళో ఏ ఆఫీసుకి జాలి కలిగినా వీళ్ళని తెచ్చేది అక్కడికేనట. ఎక్కడ ఆశ్చర్యపోవాలో, కేకు ఇచ్చేటప్పుడు ఎవరు ముందు థాంక్స్ చెప్పాలో వాళ్ళలో వాళ్ళు పంచేసుకున్నారు. నన్ను ఇంత మర్యాదగా మోసం చేసినవాళ్ళు ఇంకొకరు లేరు. ఒళ్ళు మండి, ఎక్కడికెళ్దామో మీరే చెప్పండి అన్నాను. మాల్ అంటారనుకున్నాను. గుసగుసలాడుకుని పెద్దపిల్లని ముందుకు తోశారు. ఎవరిదైనా ఇల్లు చూడాలట. ఊరికే చూడడం కాదు, ఒక్కొక్కరూ బెల్లు కొట్టాలి, లోపల్నుంచి ఎవరో వచ్చి తలుపు తియ్యాలి. ఆ పిల్ల ఊహ తెలిసినప్పటినుంచీ ఆశ్రమంలోనే ఉందని, దానికి తెలిసింది వాచ్‌మన్ తీసే గేటు ఒక్కటేనని ఆయమ్మ నా చెవిలో చెప్పింది.

ఆశ్రమం మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ, ఆయమ్మ వెంటే ఉండాలనీ అరగంట దాటకూడదనీ చెప్పి ఒప్పుకుంది.

మా ఇల్లు కాటన్‌పేటలో, మొదటి అంతస్తు. అసలు చిక్కల్లా మా అత్తయ్యతోనే. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే వేళ బెల్లు కొట్టిన కొరియర్ వాళ్ళు మళ్ళీ మా వీధి మొహం చూడరు. ముందుగా చెబితే వద్దంటుందని చెప్పలేదు. నేను మెట్ల కింద నక్కి, ఒక్కొక్కరినే పైకి పంపడం మొదలుపెట్టాను. పెద్దపిల్ల వంతులు వేసి తనని చివర పెట్టుకుంది.

మొదటి పిల్ల బెల్లు కొట్టింది. ఎవరప్పా నువ్వని అత్తయ్య గద్దించేలోపే చెప్పులు విడిచి లోపలికి దూరిపోయింది. రెండోదీ అంతే. మూడోది లోపలికి దూరగానే అత్తయ్య మెట్ల పైనుంచి వంగి నా టీషర్టు చూసేసింది. ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ నాకేసి, నీ సంగతి తర్వాత చూస్తానన్నట్టు చూసి, లోపలికెళ్ళి తలుపు ధడాల్న వేసుకుంది.

అంతా అయిపోయిందనుకున్నాను. లోపల్నుంచి గొంతు వినిపించింది, తర్వాతెవరో తొందరగా కొట్టమని.

నేనూ పైమెట్టు దాకా ఎక్కాను. ఇక ఆవిడకి పూనకం వచ్చినట్టే. నాలుగోదాన్ని బడి ఇప్పుడా వదిలిందని నిలదీసింది. ఐదోదాన్ని కొత్తిమీర మర్చిపోయావా అని తిట్టింది. ఆరోదానికి జడ ఊడినందుకు అక్షింతలు. తిట్లు తిన్నవాళ్ళు లోపల మంచం మీద దొర్లి నవ్వుతున్నారు. ఆయమ్మ మెట్లమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

చివరికి పెద్దపిల్ల వంతు వచ్చింది. జడలు సర్దుకుని, చాలాసేపు బెల్లు మీద వేలు ఆనించి ఉంచి, అప్పుడు నొక్కింది. అత్తయ్య తలుపు తీసింది.

"ఇంతసేపు యాడికి పోయింటివే? నీ కోసరమే కాచుకోని ఉండా."

పొద్దుటినుంచీ ప్రతిదానికీ జవాబున్న పిల్ల తల వంచుకుంది.

"ఇంకెప్పుడూ లేటు చెయ్యనవ్వా."

కాళ్ళు కడుక్కొని రమ్మని అత్తయ్య పక్కకి జరిగి దారిచ్చింది. నేను వాచీ చూసుకున్నాను. ఇంకో పది నిమిషాల్లో దాన్ని ఆ ఇంట్లోంచి లేపి బస్సెక్కించాల్సింది నేనే.