కత్తెర అడిగిన రోజు

వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఒక నల్ల పట్టీతో కట్టి ఉండేది. నిన్నటిదాకా రెండేళ్లు అది అక్కడే ఉంది. ఆమె భర్త హెల్మెట్‌కి గడ్డం కింద ఉండాల్సిన పట్టీ అది. ఇంట్లో అందరికీ తెలుసు. అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. ఆమెకీ కనిపించలేదు.

ఆయన బైకు మీద జనాన్ని ఎక్కించుకుని దించే పని చేసేవాడు. బైకుల స్టాండులో చేరిన వారానికే, "ఆ కత్తెర ఇటివ్వు" అన్నాడు. ఆమె జాకెట్లు కుట్టుకునే కత్తెర. "మొద్దుబారుస్తావేమో, జాగ్రత్త" అని ఇచ్చింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. స్టాండులో అందరూ పట్టీలు కోసేసుకున్నవాళ్లే. బేరం వినపడాలంటే హెల్మెట్ తీయాలి. రోజుకు ముప్పైసార్లు పట్టీ విప్పి పెట్టుకునే ఓపిక ఎవరికుంది? పైగా పట్టీ బిగించుకున్నవాణ్ణి చూసి "ముసుగు తియ్యవే పెళ్లికూతురా" అని ఏడిపించేవాళ్లు.

మూడు నెలల కిందట వెనకనుంచి లారీ తగిలింది. ఆయన కింద పడేలోపే హెల్మెట్ ఎగిరి కాలువ గట్టున పడింది. దాని మీద గీత కూడా లేదు. వెనక కూర్చున్నావిడకి మోచెయ్యి విరిగింది, బతికింది. ఆయన బతకలేదు.

స్టాండులో పెద్దమనిషి, అందరూ బాబాయ్ అంటారు, ఇంటికొచ్చి "అంతా రాత అమ్మా, ఎవరం ఏం చేస్తాం" అన్నాడు. ఆమె తలూపింది. ఊపినందుకు ఈనాటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

బైకు బాగుచేయించారు. మొన్న సోమవారం మరిది వచ్చి, "వదినా, తాళమివ్వు. ఇవాళ్టినుంచి నేను తిప్పుతా" అన్నాడు. మూలనున్న హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. "అన్నయ్యదే ఉందిగా. కొత్తదానిలా ఉంది."

"అది అక్కడ పెట్టు. తలని వదిలేసి పోయిన హెల్మెట్ అది. కొత్తది కొనుక్కో. పట్టీ పెట్టుకో."

"పట్టీ పెట్టుకుంటే స్టాండులో నన్ను బతకనిస్తారా?"

ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది. హెల్మెట్ చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది. స్టాండు దాకా నడిచింది. వెనకే మరిది, "వదినా, పరువు తీయకు" అంటూ వచ్చాడు.

ఏడు బైకులు, ఏడు అద్దాలకు ఏడు హెల్మెట్లు వేలాడుతున్నాయి. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసింది. "నీ పట్టీ ఏది? నీదేది?"

"ఏం వదినా, పోలీసుల్లో చేరావా?" అన్నాడొకడు. నలుగురు నవ్వారు.

బాబాయ్ దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, చెప్పాగా, రాత..."

"రాత కాదు బాబాయ్, కత్తెర. నా చేత్తో నేనిచ్చాను. కొయ్యమని నేర్పింది మీరు." ఆమె గొంతు పెరగలేదు. "ఏం, ఆగిపోయారే? నవ్వండి. ఆయన్ని చూసి ఇలాగే నవ్వారు, ఆ నవ్వుకి జడిసే కోసుకున్నాడు. మా ఇంట్లో ఇంకో తల ఉంది. దాన్ని చూసి ఎంత నవ్వుతారో నా ఎదురుగానే నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఒకడు చెప్పుతో మట్టి గీకాడు. బాబాయ్ బీడీ వెలిగించబోయి మానేశాడు.

మరిది రెండు రోజులు అలిగి అన్నం తినలేదు. మూడో రోజు కొత్త హెల్మెట్‌తో వచ్చాడు. గుమ్మంలో గడ్డం కింద పట్టీ టక్కుమన్నాకే ఆమె కొంగుముడి విప్పింది. ఇప్పుడు రోజూ అంతే. ముందు టక్కు, తర్వాత తాళం.

"నన్ను వదిన చాటు బిడ్డ అంటున్నారు" అని నిన్న సణిగాడు.

"అననీ. మీ అన్నని ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

అతను పట్టీ బిగించుకుని వెళ్లిపోయాడు.

ఆమె వంటింట్లోకి వచ్చి కిటికీకున్న పట్టీ విప్పేసింది. అప్పటినుంచి ఆ రెక్క గాలికి ధడేల్ ధడేల్‌మని కొట్టుకుంటోంది. "తాడేదైనా కట్టరాదూ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది పక్కింటావిడ.

"కొట్టుకోనీ" అంది ఆమె.