వెనక సీట్లోంచి పలికిన గొంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని నేను మొహం మీదే వెక్కిరించేవాణ్ణి. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. కానీ నాలుగేళ్ళుగా ఈ సంగతి గురించి నేను అందరికీ చెప్తున్నది అబద్ధం. నిజం ఇప్పుడు రాస్తున్నాను.

మేముండేది కమ్మింగ్ అనే ఊళ్ళో. ఆ డిసెంబర్ సెలవుల్లో మా ఫ్యామిలీ, ఫ్రెండ్ ప్రసాద్ ఫ్యామిలీ కలిసి న్యూ మెక్సికో వెళ్ళాం. రెండు వ్యాన్లు రెంట్ చేశాం. మా ఆవిడ సునీత, సన్నీవేల్‌లో ఉంటున్న తన తమ్ముడు కిరణ్‌ని కూడా రమ్మంది. అతనికి ఉద్యోగం పోయి నెల దాటింది. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా కూడా పోతుంది. నాలుగు రోజులు మనుషుల మధ్య ఉంటే తేరుకుంటాడని ఆమె ఆశ.

మూడో రోజు మధ్యాహ్నం ఒక లోయకి వెళ్ళాం. గేటు లేదు, మనిషి లేడు. మెత్తటి రాతికొండని తొలిచి ఎప్పటివాళ్ళో కట్టుకున్న గదులు. పైకప్పులకి ఇంకా పొయ్యి మసి ఉంది. పై వరసకి చెక్క నిచ్చెనెక్కి వెళ్ళాలి. మెట్ల మీద మంచు. గాలి ఒక్క క్షణం ఆగలేదు. ఎందుకో తెలీదు, నాకు వచ్చినప్పటినుంచీ అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వెళ్దాం, వెళ్దాం అని అందర్నీ తొందరపెడుతూనే ఉన్నాను.

ప్రసాద్ మాత్రం జోకులేస్తున్నాడు. "ఒరేయ్ కిరణూ, రెంట్ లేని ఇల్లురా. ఇక్కడే ఉండిపో!"

"వీసా కూడా అడగరు ప్రసాదన్నా," అన్నాడు కిరణ్. అందరం నవ్వాం.

మా వాళ్ళ ట్రిప్పుల్లో ఎవరు ఏ బండిలో ఉన్నారో స్టాప్ స్టాప్‌కీ మారిపోతుంది. తిరిగి బయల్దేరేటప్పుడు కబుర్లకని సునీత ప్రసాద్ వాళ్ళ వ్యాన్ ఎక్కింది. నా బండిలో మధ్య సీట్లో పన్నెండేళ్ళ మా అమ్మాయి మేఘన. ఆఖరి సీటు కిరణ్‌ది. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. బెల్టు పెట్టుకుంటూ, "కిరణ్, ఎక్కావా?" అన్నాను.

"ఎక్కాను బావా. పోనియ్," అని వెనకనుంచి వినపడింది. స్పష్టంగా. కిరణ్ గొంతే.

నలభై నిమిషాల తర్వాత గ్యాస్ కొట్టించడానికి బంకు దగ్గర ఆగాం. సునీత వచ్చి తలుపు తీసి, "తమ్ముడేడీ?" అంది. ఆఖరి సీట్లో ఎవరూ లేరు. సీటు బెల్టు మాత్రం పెట్టి ఉంది.

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మీ వ్యాన్‌లో వస్తానని నాతో అన్నాడే!"

పలికాడని చెప్తే ఎవరు నమ్ముతారు? తిరిగి చూడలేదని ఒప్పుకోవాలి. ఆమె మొహం చూసి ఆ ధైర్యం రాలేదు.

కిరణ్ ఫోన్ కలవలేదు. వెనక్కి వెళ్ళేసరికి చీకటి పడింది. ఫోన్ లైట్లతో నిచ్చెనెక్కి చూస్తే, పై వరసలో ఒక గదిలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదేమో.

నన్ను చూసి అతను అన్న మొదటి మాట: "ఎంతసేపు బావా? అక్కడే ఉండు, వస్తున్నానని పక్క గదిలోంచి అన్నావుగా. నువ్వొస్తావని ఆగాను. చీకటి పడ్డాక దిగడానికి భయమేసింది."

"నేనసలు పైకే ఎక్కలేదు కిరణ్," అన్నాను. అది నిజమే. కానీ నా బండిలో ఏం వినపడిందో చెప్పలేదు. అందరూ అతని వైపు జాలిగా చూశారు. నేనూ అలాగే చూశాను.

మోటెల్‌కి తిరిగొస్తుంటే మేఘన, "నాన్నా, మామయ్య మన కార్‌లో టాక్ చేశాడు కదా?" అంది.

"నువ్వు నిద్రపోయావమ్మా. కలొచ్చి ఉంటుంది," అన్నాను.

నా అబద్ధం తర్వాత లెక్క ఎలా తేలిందంటే, కిరణ్ నాకొక మాట చెప్పి, ఎవరికీ కనపడకుండా కావాలనే ఉండిపోయాడని. ప్రసాద్ జోకుకి అతనిచ్చిన జవాబు కూడా అందరికీ గుర్తొచ్చింది. చావడానికే ఉండిపోయాడని గుసగుసలు. లేని గొంతులు వింటున్నాడని సునీత భయపడి, ఉద్యోగం వెతుక్కోనివ్వకుండా ఇండియా పంపించేసింది. కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. మొదట్లో "నువ్వు పిలిచావు బావా, ఒట్టు," అనేవాడు. తర్వాత్తర్వాత, "ఏదో భ్రమ బావా, అప్పుడు నా బుర్ర బాగాలేదు," అనడం మొదలుపెట్టాడు. అది వింటూ కూడా నోరు మూసుకున్నాను.

మేఘనకిప్పుడు పదహారు. కిందటి నెల నన్ను పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవ్ చేస్తూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది. "నేను ఆ రోజు నిద్రపోలేదు నాన్నా. నువ్వు 'ఎక్కావా' అన్నావు. మామయ్య 'పోనియ్' అన్నాడు. ఎందుకు అబద్ధం చెప్పావు?"

ఇంటికెళ్ళి ముందు సునీతకి చెప్పాను. ఆమె అరవలేదు. పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మూడో రోజు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, "వాడికి మీరే చెప్పండి," అంది.

చెప్పాను. ఆ గొంతు సంగతి, బెల్టు సంగతి, నా అబద్ధం, అంతా. కిరణ్ తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆ రోజు పక్క గదిలోంచి అతనితో మాట్లాడింది ఎవరో, నా వెనక కూర్చుని పలికింది ఎవరో నాకు తెలీదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలలేదు. ఒకరికి పొరపాటుగా వినపడిందంటే సరే. ముగ్గురికెలా వినపడుతుంది?

చివరికి కిరణ్ ఒక్కటే అడిగాడు. "ఆ రోజు బండిలో నా గొంతు ఎలా ఉంది బావా? భయంగా ఉందా?"

"లేదురా," అన్నాను. "చాలా హాయిగా ఉంది. ఆ ట్రిప్పులో నువ్వొక్కసారి కూడా అలా మాట్లాడలేదు."

అవతల అతను ఏడవడం వినపడింది.